తన బరువులో తానే మేటి

భీమవరంలో నలుగురు కూడినచోట బరువును గూర్చి వాదం పుట్టడం వింత కాదు. సంక్రాంతి సమీపించినదంటే ఏ పుంజుకు ఏ పుంజు జత అన్న విషయం మీద అచ్చట గంటల తరబడి చర్చ సాగుతుంది. కోడిపందెములను చట్టం నిషేధించినది. ఆ నిషేధం సమంజసమేనని మా అభిప్రాయం. అయినను జత కుదరని పోటీ పోటీయే కాదన్న న్యాయం ఆ ప్రాంతపు పసివానికి సైతం తెలిసినదే. ముష్టియుద్ధంలో బరువు తరగతులు ఏర్పడినది కూడ ఆ న్యాయం కొరకే. కనుక భీమవరం శ్రోతలు కొందరు మమ్ములను అడిగిన ప్రశ్న సహజంగానే ఉన్నది: తన బరువులో ఎదురులేక నిలిచిన ముష్టియోధులు ఎవరు? మేరీ కోమ్ అని ఒక పక్షం, మన నిఖత్ జరీన్ అని మరొక పక్షం.

లోకప్రసిద్ధులను ముందుగా తలచుకొందాము. అమెరికా దేశీయుడు జో లూయీ 1937 నుంచి 1949 వరకు హెవీవెయిట్ కిరీటాన్ని విడువక, 25 మారులు దానిని నిలబెట్టుకొన్నాడు. క్యూబా వీరుడు టియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980 ఒలింపిక్ క్రీడలలో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచినాడు. వీరి ఘనతను తగ్గించడం మా ఉద్దేశం కాదు. కాని ఒక్క సంగతి గమనించాలి. స్టీవెన్‌సన్ కాలంలో హెవీవెయిట్ అనగా 81 కిలోలు దాటిన వారందరును. ఆ తరగతికి పైహద్దు లేదు. అట్టి యోధుడు పోటీనాటి ఉదయం త్రాసును చూచి భయపడనక్కరలేదు, కడుపు మాడ్చుకొననక్కరలేదు. తక్కువ బరువు తరగతులవారి పాట్లు వేరు. వారికి ప్రత్యర్థి కంటె ముందుగా త్రాసుతోనే యుద్ధం.

మేరీ కోమ్ చరిత్ర చూడండి. ఈ మణిపురి వనిత 2002లో 45 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయినది. 2005, 2006, 2008 సంవత్సరాలలో 46 కిలోలలోను, 2010లోను, మరల 2018లోను 48 కిలోలలోను స్వర్ణాలు సాధించినది. మొత్తం ఆరు. 2012లో లండన్ ఒలింపిక్సులో స్త్రీల ముష్టియుద్ధానికి మొదటిసారి చోటు దొరికినది. అయితే అచ్చట స్త్రీలకు ఉన్న తరగతులు మూడే: 51, 60, 75 కిలోలు. ఆమె బరువునకు అక్కడ తావే లేకపోయినది. సాధారణంగా యోధులు బరువు తగ్గించుకొని క్రిందికి దిగుతారు. ఈమె బరువు పెంచుకొని పైకి ఎక్కవలసి వచ్చినది. సెమీఫైనల్లో బ్రిటన్ యువతి నికోలా ఆడమ్స్ చేతిలో ఓడి కాంస్యంతో తిరిగివచ్చినది. ఆ ఓటమిని చూపి ఆమె ఆధిక్యాన్ని శంకించేవారితో మేము ఏకీభవించము. అది ఆమె తరగతి కాదు. రెండేండ్లకు అదే 51 కిలోలలో ఆసియా క్రీడల స్వర్ణం గెలవడం మాత్రం ఆమె పట్టుదలకు నిదర్శనం.

ఇక మన నిజామాబాదు బిడ్డ నిఖత్. 2019 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఎంపిక పోటీలో మేరీ కోమ్ 9-1తో ఈమెను ఓడించినది. నిఖత్ పక్షంవారు ఈ సంగతిని మెల్లగా దాటవేస్తూ ఉంటారు! తరువాతి కథ వేరు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలలో ప్రపంచ విజేత. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో 50 కిలోలలో స్వర్ణం. 2023లో ఢిల్లీలో మరల 50 కిలోలలో ప్రపంచ విజేత. రెండు ప్రపంచ ఫైనల్సులోను న్యాయనిర్ణేతలు ఐదుగురును ఆమె పక్షమే. ఆ రెండేండ్లలో ఆ బరువులలో ఆమెకు సాటివచ్చినవారు తక్కువ.

అయితే 52 నుంచి 50కి ఎందుకు దిగినది? పారిస్ ఒలింపిక్సులో 52 కిలోల తరగతి లేదు కనుక. రెండు కిలోలే కదా అనుకోరాదు. భీమవరం బజారులో రెండు కిలోల చేపకు ఏమంత లెక్క లేకపోవచ్చును. కొవ్వు లేని 52 కిలోల దేహంలో అది చాల పెద్ద మాట. 2024 ఆగస్టు 1న ఆమె చైనా యువతి వూ యూ చేతిలో 0-5తో ఓడినది. ఓటమి పిమ్మట, బరువు కొరకు రెండు దినాలు అన్నపానాలు మానవలసి వచ్చినదని చెప్పుకొన్నది. ఎదుటి వూ యూ సామాన్యురాలు కాదు. చివరకు స్వర్ణం ఆమెదే. అయినను ఆకలితో బరిలో దిగిన యోధురాలి బలాన్ని ఆ ఒక్క పోరుతో తూచడం న్యాయమా? ఆ తరువాత వారమైనా గడువకముందే కుస్తీలో వినేశ్ ఫోగాట్‌కు 100 గ్రాముల కొరకు ఫైనల్ చేజారిన ఉదంతం శ్రోతలు మరచి ఉండరు.

ఈ బాధ ముష్టియోధులది మాత్రమే కాదు. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లేశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో బరువులెత్తి ప్రపంచ విజేత అయినది. 1998లో ఆ తరగతినే సవరించి తొలగించినారు. సిడ్నీలో 2000లో ఆమె 69 కిలోల తరగతిలో నిలిచి 240 కిలోలు ఎత్తి కాంస్యం పొందినది. మొదటి ఇద్దరు ఎత్తినది 242.5 కిలోలు! తన పాత తరగతిలోనే ఆమెను ఒలింపిక్ వేదిక మీద చూచి ఉంటే ఏమయ్యేదో ఎవరికి వారు ఊహించుకోవచ్చును.

ఇక తీర్పు. 46, 48 కిలోలలో మేరీ కోమ్‌కు సాటి లేదు. ఈ విషయంలో వాదం అనవసరం. నిఖత్ ఆధిక్యం రెండేండ్లది. ఇద్దరిలో ఒకరినే ఎన్నుకొమ్మని పట్టుబడితే మా వ్రేలు మేరీ కోమ్ వైపే చూపుతుంది. స్వప్రాంతాభిమానం మాకును ఉన్నది. ఆరుకు రెండు సమానమనుట మాత్రం మా వల్ల కాదు.

నిఖత్ లెక్క ఇంకను ముగియలేదు. 2025 నుంచి 50 కిలోల తరగతి 51గా మారినది. ఆ బరువులోనే ఆ యేడు లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో టర్కీ యువతి బుసె నాజ్ చాకిరోగ్లు ఈమెను క్వార్టర్ ఫైనల్లో ఓడించినది. అదే చాకిరోగ్లును 2022లో బల్గేరియాలో నిఖత్ ఓడించి ఉన్నది. లివర్‌పూల్ తరువాత రెండు మాసాలకు గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్సులో 51 కిలోల స్వర్ణం నిఖత్‌కే దక్కినది.