కరువు జాబితాలో లేని పేరు
(విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ గుమాస్తాగా పనిచేశాము. కరువు వచ్చిన ప్రతి ఏడూ పంటనష్టం జాబితాలు మా బల్లమీదికి వచ్చేవి. ఒక ఏడు మా వీధిలోని కౌలు రైతు వచ్చి, తన పేరున్నదా అని అడిగాడు. అప్పుచేసి వేరుశనగ విత్తినవాడు ఆయన. జాబితాలో ఉన్నది పట్టాదారు పేరు. నియమం అంతేనని చెప్పి పంపివేశాము. ఆ నియమాన్ని రాసినదెవరని ఆయన అడగలేదు, మేమూ ఆలోచించలేదు. ఆ మౌనం నేటికీ మమ్మల్ని బాధిస్తూనే ఉన్నది.

నియమాలు మారగలవు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి, పదకొండు నెలల ఒప్పందంతో కౌలుదారుకు గుర్తింపు పత్రం పొందే వీలు కల్పించింది. అయితే ఒప్పందంపై భూయజమాని సంతకం తప్పనిసరి. ఆ చిక్కు ఇంకా విడలేదు. దానిని విప్పడానికి చదువుకున్నవారు కావాలి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల మనది. 14వ శతాబ్దంలోనే ఇక్కడ బుక్కరాయసముద్రం చెరువు కట్టారు. 1990 నుండి చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ బీడునేలను పచ్చగా మార్చే కృషి చేస్తున్నది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఇటువంటి ప్రతి పని వెనుకా నీటిని కొలిచేవారు, నేలను పరీక్షించేవారు, నివేదిక రాసేవారు ఉంటారు. వారిలో మన పిల్లలు ఎందరు?

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం అనేక పెద్ద పరిశ్రమలు నిపుణులచేత నివేదిక తయారుచేయించాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. స్టాక్ మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీలు సెబీ నిబంధనల ప్రకారం తమ పర్యావరణ బాధ్యతపై ఏటా నివేదిక ఇవ్వాలి. భూగర్భశాస్త్రం, వ్యవసాయం, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, వీటిలో ఏది చదివినా ఈ రంగంలో ప్రవేశం ఉన్నది. ఇంజనీరింగ్ లేకుంటే గల్ఫ్ అనే రెండు దారులే మన పిల్లలకు లేవు. ఆరంభంలో జీతం తక్కువ కావచ్చు, ఎండలో తిరగవలసి రావచ్చు. ఆ మాట దాచము.

మరొక మాట కూడా దాచము. నివేదిక రాసేవారికి రుసుము చెల్లించేది పరిశ్రమే. నీరు పోగొట్టుకునేది గ్రామం. కనుక ఈ వృత్తి ఒక అమానత్. రుసుముకు లొంగి రాసిన నివేదిక అబద్ధపు సాక్ష్యంతో సమానం.

తల్లిదండ్రులారా! వుజూలో నీటిని వృథా చేయరాదని పిల్లలకు నేర్పేది మీరే. ఆ నీటిని గూర్చే చదువుతానని కుమార్తె అడిగితే, "ఆ చదువుకు ఉద్యోగమేది?" అని నోరు మూయించకండి. మేము అడగని ప్రశ్నను రేపు ఆమె అడుగుతుంది. జాబితాలో లేని పేరును ఆమె రాయిస్తుంది.