ఊగుటయు, ఆగుటయు



బఠాణిగింజంత ఇనుపగుండును దారమునకు కట్టి వ్రేలాడదీసి, కొంచెము ప్రక్కకు లాగి విడిచితిమనుకొందము. గాలిలో అది చాలసేపు ఊగును. నీటితొట్టిలో ఊపినచో త్వరలోనే నిలిచిపోవును. ఆముదములో ముంచి విడిచితిమా, ఒక్క ఊపైనను ఊగక, మెల్లమెల్లగా నడిమికి వచ్చి ఆగిపోవును. గుండు అదే, దారమూ అదే. మారినది చుట్టునున్న పదార్థము మాత్రమే. ఈ భేదమునకు ముఖ్యకారణమైన గుణమును గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి. దానికి స్నిగ్ధత యని పేరు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఆముదపు స్నిగ్ధత నీటి స్నిగ్ధతకు ఇంచుమించు వేయిరెట్లు.

స్నిగ్ధత యనగా ద్రవములోని ఒక పొర మరియొక పొరపై జారునపుడు పుట్టు లోపలి ఘర్షణ. గుండును అంటియున్న పొర గుండుతోపాటు కదలును. దాని ప్రక్కపొర దానిని వెనుకకు పట్టియుంచజూచును. ఈ పెనుగులాటలో ప్రతి ఊపునందును కొంత శక్తి వేడిమిగా మారిపోవును. శక్తి తరిగినకొలది ఊపు చిన్నదగును.

ఘర్షణ ద్రవపు పొరల నడుమనే గాని, వస్తువునకును ద్రవమునకును నడుమ గాదని ఎట్లు తెలిసినది? 1800 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబు ఒక బిళ్లను తీగకు వ్రేలాడగట్టి, ద్రవములో అటునిటు తిరుగునట్లు చేసెను. బిళ్లకు కొవ్వు పూసి చూచెను; దానిపై ఇసుకరాతిపొడి చల్లి చూచెను. నున్ననైనను గరుకైనను ఊపులు తగ్గు తీరు ఇంచుమించు మారలేదు.

వాయువుల సంగతి మరింత వింతగొల్పును. గాలి పలుచనైనచో ఊపులకు అడ్డు తగ్గవలెనని ఎవరికైనను తోచును. 1866లో ప్రకటించిన పరిశోధనలలో మాక్స్‌వెల్, తన భార్య కాథరీన్ సాయముతో, గాజుబిళ్లలను మూసిన పాత్రలో ఊపి చూచెను. గాలి పీడనమును ముప్పది అంగుళముల పాదరసమునుండి అర అంగుళమునకు దింపినను స్నిగ్ధత మారలేదు! పలుచని గాలిలో అణువులు తక్కువే. కాని ఒక్కొక్కటి ఢీకొనకుండ ఎక్కువ దూరము పోయి, తన వేగమును దూరపు పొరకు అందించును. ఒకదాని కొరతను మరియొకటి తీర్చును.

అయినచో స్నిగ్ధత ఎంత హెచ్చైన అంత మేలా? కాదు. త్రాసు ముల్లుకు అడ్డు చాలనిచో అది ఊగుచునే యుండును; మితిమీరినచో ప్రాకుచు వచ్చును. ఈ రెంటికి నడుమ ఒక హద్దు కలదు. అచ్చట ముల్లు ఊగకయే, వీలైనంత త్వరగా నిలుకడ చెందును.

ఈ అడ్డు చాలనిచో ఏమగునో లండను నగరము చూచినది. 2000 సంవత్సరము జూన్ 10న థేమ్సు నదిపై పాదచారులకై మిలీనియం వంతెన తెరవబడెను. జనము క్రిక్కిరియగా అది ప్రక్కలకు ఊగసాగెను. నడచువారు తూలిపడకుండ తెలియకయే ఆ ఊపుతో అడుగు కలిపిరి. అందువలన ఊపు మరింత పెరిగెను. కొందరు కమ్ములు పట్టుకొని నిలువవలసివచ్చెను. రెండు దినములకే వంతెనను మూసివేసిరి.

వంతెన బలమైనదే, దానికి కొరవడినది ఊపును మ్రింగివేయు సాధనము. ఇంజనీర్లు ఇతర సాధనములతోపాటు 37 ద్రవ నిరోధకములను అమర్చిరి. వంతెన కదలినపుడు పిస్టను ద్రవమును ఇరుకుదారులగుండ నెట్టును. ఊపులోని శక్తి వేడిమియై పోవును. 2002 ఫిబ్రవరిలో వంతెనను తిరిగి తెరచిరి. నాటినుండి జనము దానిపై నిశ్చింతగా నడచుచున్నారు.

ఆముదపు గిన్నెలో ఆగిన గుండునకును, థేమ్సుపై నిలుకడ చెందిన వంతెనకును నియమ మొక్కటియే: ఊపులోని శక్తికి పోవుటకొక దారి చూపవలెను.