మెదడు జారుట – దాని రకములు, ఫలితములు



సంక్రాంతి నాళ్ళలో అవనియాపురము, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టులలో తలక్రిందుగా పడిన యువకుడు లేచి, దుమ్ము దులుపుకొని, నలుగురితో మాటలాడి ఇల్లు చేరవచ్చును. కొన్ని గంటలకు తలనొప్పి, వాంతి, మత్తు. అలసినాడు, నిద్రపోనిమ్మందురు ఇంటివారు. ప్రాణము పోవునది ఆ నిద్రలోనే.

పుర్రె సాగని ఎముకపెట్టె. అందు సుమారు 1400 మిల్లీలీటర్ల మెదడు, కొంత నెత్తురు, కొంత నీరు ఉండును. లోపల నెత్తురుగడ్డ పెరిగినకొలది మొదట నీరు, పిదప సిరలలోని నెత్తురు చోటు విడుచును. అటుపిమ్మట మెదడే జారవలయును. వైద్యులు దీనిని హెర్నియేషన్ అందురు.

మెదడు సగములను వేరుచేయు పొర క్రిందుగా ప్రక్కకు జారుట ఒక రకము. కణత లోపలి భాగము దిగి కంటినరమును నొక్కుట ఇంకొకటి. ఇదియే ముఖ్యముగా గుర్తెరుగవలసినది: సాధారణముగా గడ్డ ఉన్నవైపు కంటిపాప పెద్దదై, టార్చి వెలుతురుకు ముడుచుకొనదు, రెండవవైపు కాలుసేతులు పట్టుతప్పును. చిన్నమెదడు అడుగుభాగము పుర్రె క్రింది రంధ్రములోనికి దిగినచో ఊపిరియే నిలుచును. రక్తపుపోటు హెచ్చి, నాడి మందగించుటను హార్వే కుషింగ్ 1901లోనే పరిశోధించెను.

కంటిపాప పెద్దదగువరకు వేచియుండరాదు. మత్తు కనబడగానే ఆసుపత్రికి చేర్చవలయును. స్కానులో గడ్డ కనబడి, వేళ మించకముందే తీసినచో, ఆ కంటిపాప మరల వెలుతురుకు ముడుచుకొనుట కలదు.