ఆగిపోయిన కంప్యూటరును అడుగవలసిన ప్రశ్నలు



కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి కలిగే కష్టములలో ఒకటి విచిత్రమైనది. యంత్రము చచ్చిపోలేదు; దీపము వెలుగుతూనే ఉన్నది; తెర మీది బొమ్మ ఎట్లున్నది అట్లే ఉన్నది. కాని నడుస్తున్న ప్రోగ్రాము కదలదు, మెదలదు. మీట నొక్కితే పలుకదు. మూయబోతే మూతపడదు. ఒక నిమిషము చూస్తాము, రెండు నిమిషములు చూస్తాము, ఓపిక నశించి కరెంటు తీసివేస్తాము. మరల వెలిగిస్తే కొంతసేపు బుద్ధిగా పనిచేసి, తిరిగి అక్కడనే నిలిచిపోతుంది. ఇట్టి యంత్రమును ఏమి చేయవలెనన్నది నేటి మా ప్రసంగ విషయము. దీనిలో పుస్తకములు చదివి మేము తెలుసుకొన్నది కొంత. మరిపెడలో ఒక దుకాణపు బల్ల ముందు కూర్చుండి నేర్చుకొన్నది ఎక్కువ.

మరిపెడ, వరంగల్లు నుండి ఖమ్మము పోయే దారిలో ఉన్న ఊరు. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఆపైన కొత్తగా ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. చుట్టుప్రక్కల పత్తి, మిరప చేలు. ఆ చేల నడుమ లంబాడీ తండాలు. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవిలో అట్టి తండా ఒకదానికి పాటలు రికార్డు చేయడానికి పోయినాము. పాడినది ఎనభై యేండ్లు దాటిన ఒక అవ్వ. పెండ్లికూతురు పుట్టినిల్లు విడిచి పోయేటప్పుడు పాడే పాటలు వారి భాషలో ఏడు పాడినది. ఆ వరుసలు తెలిసినవారు తండాలో తాను గాక మరొక్కరే మిగిలినారనీ, ఆమెకు గొంతు పోయినదనీ చెప్పినది.

పాటలను రికార్డరు కార్డు నుండి ల్యాప్‌టాపులోనికి ఎక్కించినాము. ఎక్కినవి గదా అని కార్డును తుడిచివేసి, దాని మీదనే మిరప రైతుల సంభాషణ రికార్డు చేసినాము. ఇది మా మొదటి తప్పు. తిరుగు ప్రయాణములో పాటలు వింటూ పోదామని, ల్యాప్‌టాపును ఆపకుండా ఒడిలో పెట్టుకొని గతుకుల బాటలో జీపు ఎక్కినాము. ఇది రెండవ తప్పు. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు.

మరిపెడ చేరి, పాటలను సరిచూడబోగా ప్రోగ్రాము నిలిచిపోయినది. దానిని మూసి మరియొకటి తెరిస్తే అదియు నిలిచినది. యంత్రమును నాలుగుసార్లు ఆపి వెలిగించినాము. మాతో వచ్చిన మిత్రుడొకరు, డిస్కు అంతయు తుడిచి విండోసు కొత్తగా ఎక్కిస్తే సరిపోతుందని సలహా చెప్పినారు. ఆ పనికే రోడ్డు ప్రక్కన ఉన్న ఒక కంప్యూటరు దుకాణమునకు పోయినాము.

అక్కడ ముప్పై యేండ్లు నిండని యువకుడు ఉన్నాడు. యంత్రము మీద చేయి వేయడానికి ముందు అతడు మమ్ములను మూడు ప్రశ్నలు అడిగినాడు. ఆగిపోయేది ఒక్క ప్రోగ్రామా, అన్నియునా? ఆగిపోయేది ఏ వేళ, ఏ పని చేసేటప్పుడు? ఇది ఎప్పటి నుండి, దానికి ముందు ఏమి మారినది? మూడవ ప్రశ్నకు జవాబు చెబుతూ జీపు సంగతి చెప్పినాము. అతడు తల పంకించి, పైన తిరుగుతున్న ఫ్యాను కట్టివేసినాడు. “జెరంతసేపు ఎవ్వరు మాట్లాడకుండ్రి సార్” అని ల్యాప్‌టాపునకు చెవి ఆనించి విన్నాడు. మమ్ములను కూడ వినుమన్నాడు. లోపల గడియారము వలె సన్నని టిక్కుటిక్కు. ఇరువది యేండ్లుగా చెవిని నమ్ముకొని బ్రతుకుతున్న మాకు, ఆ దినమంతయు ఆ చప్పుడు వినబడనే లేదు.

తరువాత కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అనే మూడు మీటలు ఒక్కసారి నొక్కి, టాస్క్ మేనేజరు అనే పట్టికను తెరచినాడు. యంత్రములో ఎవరు ఎంత పని చేస్తున్నారో తెలిపే హాజరుపట్టీ అది. సీపీయూ ఖాళీగా ఉన్నది. మెమరీలో సగము ఖాళీగా ఉన్నది. డిస్కు మాత్రము నూటికి నూరు పాళ్ళు తీరిక లేకుండ ఉన్నది. అయినను దాని నుండి వస్తున్న సమాచారము చుక్కలు చుక్కలుగా వస్తున్నది. అనగా, డిస్కు ఏదో ఒక చోటును చదువలేక, మరల మరల ప్రయత్నిస్తున్నది. దాని జవాబు కొరకు ప్రోగ్రాములన్నియు వాకిట నిలుచున్నవి. ఐదు సెకనులపాటు పలుకని ప్రోగ్రామును విండోసు “స్పందించుట లేదు” అని ప్రకటిస్తుంది. తప్పు ప్రోగ్రాములో లేదు. అది ఎదురుచూస్తున్నది, అంతే.

“ఎద్దు ఆగిందంటె కొట్టుడు కాదు సార్, గిట్టెల ముల్లుందేమో సూడాలె. ముందుగాల పాటలు బయటికి తీద్దాం. మిషిన్ సంగతి తర్వాత” అన్నాడు ఆ యువకుడు.

శ్రోతలు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని మా మనవి. ఆగిపోవడము రోగము కాదు, రోగలక్షణము. ఒక్కొక్కప్పుడు అది యంత్రము ఇచ్చే కడపటి హెచ్చరిక. మేము అనుకొన్నట్లు డిస్కును తుడిచివేసి ఉంటే, పాటలు పోయి ఉండేవి. రోగము మాత్రము అట్లే ఉండేది. డిస్కును బాగుచేసే పరీక్షలు సైతము ఆ స్థితిలో చేయరాదు. గాయపడిన డిస్కును మూల మూలలా తిప్పితే ఉన్న ప్రాణము కూడ పోవచ్చును. అందుచేత అతడు ఒక పెన్‌డ్రైవు నుండి లినక్సు వ్యవస్థను నడిపి, మా డిస్కు మీద ఏమియు వ్రాయకుండ, కావలసిన ఫైళ్ళను మాత్రమే ఒక్కొక్కటిగా వేరొక డిస్కులోనికి తీసినాడు. రాత్రి తొమ్మిది గంటలయినది. ఏడు పాటలలో ఆరు పూర్తిగా దక్కినవి. ఏడవది సగములో తెగిపోయినది.

ఆ సాయంత్రము అతడు పని చేస్తూ చెప్పిన సంగతులను, మేము తరువాత పరీక్షించి తెలుసుకొన్నవాటితో కలిపి మనవి చేస్తున్నాము.

ఒక్క ప్రోగ్రామే ఆగిపోతూ, తక్కినవన్నియు చక్కగా నడుస్తూ ఉంటే, సాధారణముగా దోషము ఆ ప్రోగ్రాములో గాని, అది తెరుస్తున్న ఫైలులో గాని ఉంటుంది. వేరొక ఫైలు తెరచి చూడవలెను. ప్రోగ్రామును కొత్త కూర్పునకు మార్చి చూడవలెను. అప్పటికిని లొంగకపోతే తీసివేసి తిరిగి ఎక్కించవలెను.

అనేకములు తెరచినప్పుడే ఆగుతూ ఉంటే, అది చోటు చాలని బాధ. మెమరీ అనునది వ్రాతబల్ల వంటిది; డిస్కు బీరువా వంటిది. బల్ల నిండిపోతే యంత్రము కొన్ని కాగితములను బీరువాలో పెట్టి, కావలసినప్పుడు తీసుకొని వస్తూ ఉంటుంది. తిరిగే పళ్ళెములు గల పాత డిస్కు మెమరీ కంటె వేల రెట్లు మందగతి గలది. నాలుగు గిగాబైట్ల మెమరీతో పిల్లల పాఠములు, వీడియోలు, ఇరువది బ్రౌజరు పుటలు ఒక్కసారి తెరిస్తే యంత్రము చతికిలబడక ఏమి చేస్తుంది? అక్కరలేనివి మూయవలెను, వీలుంటే మెమరీ పెంచవలెను.

మధ్యాహ్నము ఆగి, తెల్లవారుజామున ఆగని యంత్రమును వేడి బాధిస్తున్నదేమో చూడవలెను. ప్రాసెసరు మితిమీరి వేడెక్కితే తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొంటుంది. ఇంకను వేడెక్కితే యంత్రమే ఆరిపోతుంది. దుమ్ము, పత్తి నూగు చేరి గాలి దారి మూసుకొనిపోవడము మన ప్రాంతములో సామాన్యము. కరెంటు తీసి, మెత్తని కుంచెతో గాలి దారిని శుభ్రము చేయవలెను. ల్యాప్‌టాపును పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడరాదు.

నిన్నటి దాక నడిచి నేడు ఆగితే, నడుమ ఏమి మారినదో జ్ఞాపకము చేసుకొనవలెను. కొత్త ప్రింటరా, కొత్త ప్రోగ్రామా, ఒకటి ఉండగా ఎక్కించిన రెండవ ఆంటీవైరసా? సేఫ్ మోడ్ అనే పద్ధతిలో యంత్రము అత్యవసరమైనవాటితో మాత్రమే నడుస్తుంది. అందులో ఆగనిదైతే, దోషము తరువాత చేర్చినవాటిలో ఉండవచ్చును. మార్పులు ఒక్కొక్కటిగా చేయవలెను. ఒక్కసారి నాలుగు మార్చి, నయమైనదని సంతోషిస్తే, ఏ మందుతో నయమైనదో తెలియదు. రోగము మరల వచ్చిననాడు మొదటికి వస్తాము.

ఇట్టి చిక్కులు మరిపెడకే పరిమితము కావు. 1997 జూలై 4వ తేదీన అంగారకుని మీద దిగిన పాత్‌ఫైండరు నౌకలోని కంప్యూటరు, కొన్నాళ్ళకే ఉండి ఉండి తన్ను తాను ఆపివేసుకొని మరల మొదలుపెట్టసాగినది. వాతావరణము చూచే చిన్న పని ఒకటి, తాళము వంటి ఒక వనరును చేతిలో పట్టుకొని ఉండగా, నడిమి తరగతి పనులు దానిని ముందుకు సాగనీయలేదు; ఆ తాళము కొరకు అన్నిటికంటె ముఖ్యమైన పని నిలిచిపోయినది. ఆ పని వేళకు పూర్తి కాలేదని గమనించి కాపలా యంత్రాంగము అంతటిని తిరిగి మొదలుపెట్టేది. అమెరికాలోని ఇంజనీర్లు భూమి మీద తమ వద్ద ఉన్న జోడు యంత్రము మీద ఆ దోషమును తిరిగి పుట్టించి, కారణము కనుగొని, ప్రోగ్రాములో చిన్న మార్పు చేసి పంపినారు. దోషము నౌక దిగక ముందే ఒకటి రెండుసార్లు తొంగిచూచినదనీ, వెదుకబోతే మరల కనిపించలేదనీ వారే తరువాత చెప్పినారు. తొంగిచూచిన దోషమును తేలికగా తీసుకొనరాదు. ఆగిన వేళ, అప్పుడు తెరచి ఉన్న ప్రోగ్రాములు ఒక చీటీ మీద వ్రాసి పెట్టుకొంటే, మరమ్మతు చేసేవానికి సగము పని తీరుతుంది.

ఆ యువకుడు మా వద్ద తీసుకొన్నది మూడు వందల రూపాయలు. పాత డిస్కు తీసి, తిరుగుడు పళ్ళెములు లేని కొత్త డిస్కు వేయించినాము. ఆ ల్యాప్‌టాపు నేటికిని పనిచేస్తున్నది.

ఏడవ పాట కొరకు రెండు నెలల తరువాత మరల తండాకు పోయినాము. అవ్వ మంచము పట్టి ఉన్నది. పాడలేకపోయినది. పాట ఏది అని మేము గుర్తుచేస్తే, పెదవులు కదిపి, చేతితో తాళము మాత్రము వేసినది. ఆ సగము పాటను సగముగానే ప్రసారము చేసినాము. ఏడు పాటలను ఒక పెన్‌డ్రైవులో పెట్టి ఆమె మనుమరాలికి ఇచ్చినాము. ఆ పిల్ల మా ఎదుటనే వాటిని తన ఫోనులోనికి కూడ ఎక్కించుకొన్నది. మేము చెప్పకుండనే రెండు చోట్ల దాచినది.

మీ ఇంటి కంప్యూటరులో పెండ్లి ఫొటోలు ఉండవచ్చును, పొలము కాగితములు ఉండవచ్చును, పోయినవారి గొంతు ఉండవచ్చును. యంత్రము నడుస్తున్న ఈ రాత్రియే వాటిని మరొక చోట కూడ దాచుకొనుడు. అది ఆగిపోయిననాడు, నిదానముగా ప్రశ్నలు అడుగుటకు మీకు ధైర్యము ఉంటుంది.

సెలవు.