బాల్టా లిమాన్ నుంచి బందరు దాకా

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాణ్ని. ఆయన పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు బాగా గుర్తున్నది నా వ్యాసాల అంచుల్లో పచ్చసిరాతో ఆయన రాసే ప్రశ్న: "ఈ సుంకం ఎవరు కట్టారు?" ఈ గౌరవాన్ని స్వీకరిస్తూ ఆ ప్రశ్ననే పట్టుకుంటాను.

స్వేచ్ఛా వర్తకపు ఒప్పందాల కథలో నల్లమందు యుద్ధం, 1842 నాన్జింగ్ సంధి, చైనా దిగుమతి సుంకం 5 శాతం దగ్గర బిగుసుకుపోవడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. ఇస్తాంబుల్ దగ్గర బాల్టా లిమాన్‌లో 1838 ఆగస్టు 16న ఒట్టోమన్ ప్రభుత్వం బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం దగ్గర ఆగుతాను.

దిగుమతి సుంకం తగ్గింది, మాంచెస్టర్ బట్ట ముంచెత్తింది, టర్కీ మగ్గం మూలపడింది అని ఇప్పటికీ రాస్తున్నారు. లోగడా కాదన్నాను, ఇప్పుడూ కాదంటున్నాను. అంతకుముందు దిగుమతి సుంకం 3 శాతం. లోపలి సుంకాలకు బదులు ఇంకో 2 కలిపి ఒప్పందం దాన్ని 5 చేసింది. ఎగుమతుల మీద 12 వేసింది. మగ్గం చావలేదని, దిగుమతైన చవక నూలుతోనే నేత సాగిందని చరిత్రకారుడు డొనాల్డ్ క్వాటర్ట్ 1993 నాటి పుస్తకంలో చూపించాడు. అసలు దెబ్బ ఖజానాకు తగిలిందంటాడు ఆర్థిక చరిత్రకారుడు షెవ్‌కెట్ పాముక్. సర్కారు గుత్తాధిపత్యాలు పోయాయి, యుద్ధం వస్తే అదనపు సుంకం వేసుకునే వీలూ పోయింది. 1854లో విదేశీ అప్పు మొదలైంది, 1875లో వడ్డీ కట్టలేక చేతులెత్తేశారు, 1881లో అప్పులవాళ్ల సంస్థ ఆదాయాల మీద కూర్చుంది.

పాముక్‌తో ఏకీభవిస్తాను, అయినా నాకది చాలదు. విదేశీ వర్తకుడు 5 శాతం కట్టి ఊరూరా అమ్ముకున్నాడు. స్వదేశీ వర్తకుడు సరుకు కదిపితే 8 శాతం లోపలి సుంకం కట్టాడు. భూమార్గంలో అది 1874 దాకా పోలేదు. అందుకే స్థోమత ఉన్నవాళ్లు విదేశీ కాన్సలేట్ల రక్షణ పత్రాల కోసం ఎగబడ్డారు. ఆ సుంకం సుల్తాను వేసిందే, ఒప్పందాన్ని ఎందుకు తప్పుపట్టాలంటారు కొందరు. మిగతా రాబడి దారులు మూసేశాక దాన్ని వదులుకోవడం ఖజానాకు ఎలా సాధ్యం?

అసలు సంగతి విదేశీ, స్వదేశీ వర్తకుల మధ్య ఈ తేడాయే. అనుమానముంటే బంగాళాన్ని చూడండి. ఈస్టిండియా కంపెనీ మనుషులు సుంకం మినహాయింపు పత్రాలైన దస్తక్‌లు చూపించి సుంకం ఎగ్గొడుతుంటే, 1763లో నవాబు మీర్ కాసిం అందరికీ లోపలి సుంకాలు ఎత్తేశాడు. వాళ్లకు కావలసింది స్వేచ్ఛా వర్తకమే అయితే పండగ చేసుకోవాలి. యుద్ధానికి దిగారు. మరుసటి ఏడే బక్సర్ యుద్ధం. వాళ్లు కాపాడుకున్నది తమకూ స్థానికులకూ మధ్య ఉన్న తేడాని.

ఆ తేడా మన బందరు రేవులో ఇంకా ముందే మొదలైంది. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఇంగ్లీషువాళ్లు ఏడాదికి 500 వరహాలు కట్టి గోల్కొండ రేవుల్లో వర్తకం చేసుకున్నారు. ఫర్మానా గురించి అందరూ రాశారు. అదే కాలంలో బందరు నుంచి గోల్కొండకు ఎడ్ల మీద సరుకు తోలిన స్థానిక వర్తకుడు ఏ ఠాణాలో ఎంత చెల్లించాడో వివరంగా రాసిన పుస్తకం నాకు కనిపించలేదు. ఇప్పుడు నేను రాస్తున్నది అదే. ఇంగ్లీషువాళ్ల వర్తక కోఠీల ఉత్తరాలు ఆ వర్తకుడి వైపు చూడవు. మీ ఇళ్లలో పాత వర్తకం చిట్టాలు, సుంకం రసీదులు, దస్తావేజులు ఉంటే, చెదపట్టినవైనా సరే, ఒక్కసారి చూడనివ్వండి.