పెండ్లిళ్ళతో వచ్చిన సామ్రాజ్యం

స్విట్జర్లండులో ఆర్‌గౌ అనే ప్రాంతాన ఒక గుట్టమీద పదునొకండవ శతాబ్దినాటి రాతికోట ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. కోట పెద్దది కాదు. డేగకోట అని అర్థమిచ్చే జర్మను మాటనుండి దానికి హాబ్స్‌బర్గ్ అనే పేరు వచ్చినదని ప్రతీతి. ఆ కోటకు అధిపతులైన ప్రభువుల సంతతివారే కాలక్రమాన ఆస్ట్రియా, హంగరీ, బొహీమియా, నెదర్లాండ్స్, స్పెయిన్, ఇటలీలో కొంత భాగం, అట్లాంటిక్ సముద్రానికి ఆవలి మెక్సికో, పెరూ దేశాలను ఏలినారు. విచిత్రమేమంటే, వంశానికి పేరునిచ్చిన ఆ కోట మాత్రం 1415లోనే వారి చేయి జారి బెర్న్ నగరం వారి పాలైనది.

ఈ వంశచరిత్రను యుద్ధాల చరిత్రగా చెప్పడం పరిపాటి. పెండ్లి సంబంధాల చరిత్రగా చూచినప్పుడే అది మనకు చక్కగా బోధపడుతుందని నా అభిప్రాయం. కోడండ్రతో వచ్చిన రాజ్యాలు కూతుళ్ళ వెంట ఎక్కడ తరలిపోతవో అన్న దిగులు ఈ ఇంటిని ఏ గతికి తెచ్చినదో నేడు మనవి చేస్తాను.

మొదటి మెట్టు మాత్రం పెండ్లితో ఎక్కినది కాదు. 1273లో జర్మను ప్రభువులు రుడాల్ఫును రాజుగా ఎన్నుకొన్నారు. తమకు అడ్డు రాగలిగినంత బలవంతుడు కాడన్న ధైర్యంతోనే ఎన్నుకొన్నారు. అతడు 1278లో బొహీమియా రాజు ఒట్టోకారును యుద్ధంలో ఓడించి, 1282లో ఆస్ట్రియాను తన కొడుకుల పేర వ్రాయించినాడు. తరువాతి రెండువందల ఏండ్ల కథను దాటిపోయినా నష్టం లేదు.

1477లో బర్గండీ ప్రభువు చార్లెస్ యుద్ధంలో మరణించినాడు. అతనికి మగసంతానం లేదు. ఒక్కతే కుమార్తె మేరీ. నెదర్లాండ్స్‌లోని సంపన్న నగరాలన్నింటికీ ఆమెయే వారసురాలు. ఒకప్రక్క ఫ్రాన్సు రాజు ఆమె భూములను కబళించడానికి పొంచి ఉన్నాడు. ఆ యేడే ఆమె హాబ్స్‌బర్గ్ యువరాజు మాక్సిమిలియన్‌ను వివాహమాడినది. అయిదేండ్లకు గుఱ్ఱంమీదినుండి పడి మరణించినది. భూములు ఆమె బిడ్డలకు సంక్రమించినవి. ఆ బిడ్డలలో ఒకడైన ఫిలిప్ 1496లో స్పెయిన్ రాజకుమార్తె హువానాను పెండ్లాడినాడు. అప్పటికి ఆమెకు రాజ్యం వచ్చే సూచనయే లేదు; ముందు ఒక అన్న, ఒక అక్క ఉన్నారు. 1497లో అన్న, మరుసటి యేడు అక్క, 1500లో ఆ అక్క కొడుకు వరుసగా కన్నుమూసినారు. స్పెయిన్ అంతా హువానా కొడుకైన చార్లెస్ చేతికి వచ్చినది.

1515లో వియన్నాలో జరిగిన పెండ్లి ఇంకా వింతయైనది. హంగరీ రాజకుమార్తె అన్నాకు పండ్రెండవ యేడు. ఆమెకు మాక్సిమిలియన్ మనుమలలో ఏ ఒక్కరిని వరునిగా చేయవలెనో ఇంకా తేలలేదు. తేలేవరకు ఆగడమెందుకని, ఏబదియారేండ్ల తాతగారే మనుమనికి బదులుగా పీటలమీద కూర్చున్నంత పని చేసినారు! చివరకు ఆమె ఫెర్డినాండుకు ఇల్లాలైనది. 1526లో ఆమె తమ్ముడు మోహాచ్ యుద్ధంలో తురుష్కుల చేత ఓడి సంతానం లేకుండానే మరణించగా, హంగరీ, బొహీమియా సింహాసనాలు బావగారిని వరించినవి.

గమనించండి. ఇవన్నీ అవతలి ఇంట మగపిల్లవాడు మిగలకపోవడంచేత వచ్చినవే. ఆడపిల్ల ఎక్కడికి పోతే ఆస్తి అక్కడికి పోతుందన్న సత్యం హాబ్స్‌బర్గులకు తెలిసినంతగా మరెవరికి తెలుసును? చార్లెస్ చక్రవర్తి 1555-56లో రాజ్యభారం దించుకొని, ఆస్ట్రియా తమ్ముడు ఫెర్డినాండుకు, స్పెయిన్ కొడుకు రెండవ ఫిలిప్‌కు దక్కేటట్లు ఏర్పాటు చేసినాడు. వంశం రెండు ఇండ్లయినది. ఆనాటినుండి ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికి ఇచ్చిపుచ్చుకొనడం మొదలైనది.

మేనరికం మన తెలుగువారికి క్రొత్త కాదు. అక్క కూతురిని చేసికొనడం మన ఇండ్లలో అనూచానంగా ఉన్న ఆచారమే. పొలం పరుల పాలు కాదన్న ఆలోచన దాని వెనుక ఉండకపోలేదు. క్రైస్తవ మతశాసనం మాత్రం దానిని నిషేధించినది. పోపుగారి ప్రత్యేకానుమతి కావలెను. హాబ్స్‌బర్గులు అడిగినప్పుడెల్లా ఆ అనుమతి లభించినది. 1570లో రెండవ ఫిలిప్ తన సోదరి కుమార్తె అన్నాను నాలుగవ భార్యగా స్వీకరించినాడు. అతని మనుమడు నాలుగవ ఫిలిప్ కథ మరింత జాలి గొలిపేది. ఆయన కుమారుడు బాల్తసార్ కార్లోసుకు మేనత్త కూతురు మరియానాను నిశ్చయించినారు. 1646లో పదునేడేండ్లు నిండకముందే ఆ కుఱ్ఱవాడు మరణించినాడు. వారసుడు లేడు. నలుబదినాలుగేండ్ల తండ్రి, కొడుకుకు అనుకొన్న ఆ పదునాలుగేండ్ల మేనకోడలిని 1649లో తానే పెండ్లాడినాడు.

వీరి కుమార్తె మార్గరీటా. వెలాస్కెజ్ 1656లో చిత్రించిన సుప్రసిద్ధ చిత్రంలో, చెలికత్తెల నడుమ నిలిచిన బంగారు జుట్టు బాలిక ఆమెయే. 1666లో ఆమెను ఆస్ట్రియా చక్రవర్తి లియొపోల్డుకు ఇచ్చినారు. తల్లివైపున అతడు ఆమెకు మేనమామ; తండ్రివైపున మేనత్త కొడుకు. మన వరుసలలో చెప్పవలెనంటే మామయు అతడే, బావయు అతడే. ఆరేండ్ల కాపురంలో నలుగురు బిడ్డలను కని, వారిలో ఒక్క కూతురిని మాత్రమే మిగుల్చుకొని, ఇరువదియొకటవ యేట ఆమె మరణించినది.

ఆమె తమ్ముడు ఫిలిప్ ప్రాస్పరోను కూడ వెలాస్కెజ్ 1659లో చిత్రించినాడు. పాలిపోయిన రెండేండ్ల పిల్లవాడు. నడుముకు తాయెత్తులు, చిరుగంట వ్రేలాడుతున్నవి. దృష్టిదోషం తగులకూడదని కట్టినవి. 1661 నవంబరు 1న ఆ బిడ్డ పోయినాడు. అయిదు దినాలకు, నవంబరు 6న, రాణి మరొక మగబిడ్డను ప్రసవించినది. అతడే రెండవ చార్లెస్, స్పెయిన్ హాబ్స్‌బర్గులలో కడపటివాడు.

నాలుగేండ్లకు గాని అతనికి మాటలు రాలేదనియు, ఎనిమిదేండ్లకు గాని నడక రాలేదనియు చెబుతారు. క్రింది దవడ ముందుకు పొడుచుకొని వచ్చి ఆహారం నమలడమే కష్టమయ్యేది. రెండు వివాహాలు చేసినారు, సంతానం కలుగలేదు. 2009లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు కొందరు ఈ వంశవృక్షాన్ని లెక్కగట్టి చూచినారు. రెండువందల ఏండ్లలో ఆ రాజుల 11 వివాహాలలో 9 రక్తసంబంధుల మధ్య జరిగినవే. 1527 నుండి 1661 వరకు పుట్టిన 34 మంది రాజశిశువులలో 10 మంది ఏడాది నిండకుండా, మొత్తం 17 మంది పదేండ్లు నిండకుండా మరణించినారు. తలిదండ్రుల రక్తసామీప్యాన్ని తెలిపే గుణకం, హువానా భర్త ఫిలిప్ నాటికి 0.025. అయిదు తరాల తరువాత రెండవ చార్లెస్ నాటికి 0.254. తోడబుట్టిన అన్నాచెల్లెండ్రకు పుట్టిన బిడ్డకు ఈ గుణకం 0.25 ఉంటుంది. మన మేనరికాలను కూడ వైద్యులు వలదంటూనే ఉన్నారు. కాని ఒక ఊరి జనంలో అక్కడక్కడ జరిగే మేనరికం వేరు. తరతరాలుగా రెండే ఇండ్లు ఒకదానినొకటి వియ్యమందడం వేరు.

ఇంత చేసినా స్పెయిన్ నిలిచినదా? 1660లో చార్లెస్ సవతి అక్క మరియా తెరెసాను ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి ఇచ్చినప్పుడు, పుట్టింటి సింహాసనంమీద హక్కు వదలుకొంటున్నట్లు ఆమె చేత వ్రాయించుకొన్నారు. దానికి ప్రతిగా 5 లక్షల బంగారు నాణేల కట్నం ఒప్పుకొన్నారు. ఆ కట్నం చెల్లించలేదు. కట్నం ముట్టలేదు గనుక హక్కు వదలుకొన్న పత్రం చెల్లదని ఫ్రెంచివారు వాదించినారు! చార్లెస్ మొదట మార్గరీటా మనుమడైన బవేరియా బాలుని వారసునిగా ఎంచుకొన్నాడు. ఆ బాలుడు 1699లో ఆరేండ్లకే మరణించినాడు. చివరకు 1700 అక్టోబరులో, మృత్యుశయ్యపైనుండి, లూయీ మనుమడైన పదునారేండ్ల ఫిలిప్ పేర మరణశాసనం వ్రాసి నవంబరు 1న కన్నుమూసినాడు. ఆ శాసనంపై ఐరోపా అంతా 1714 వరకు పోరాడినది. కోడలితో వచ్చిన స్పెయిన్ కూతురి వెంటనే వెళ్ళినది. స్పెయిన్‌లో నేడు రాజుగా ఉన్న ఆరవ ఫిలిప్ ఆ బూర్బన్ వంశీయుడే.

వియన్నాలోని ఇంటికి కూడ అదే చిక్కు వచ్చినది. లియొపోల్డు కుమారుడు ఆరవ చార్లెస్, మగసంతానం లేకున్నచో కూతురికే సర్వరాజ్యాలు చెందునట్లు 1713లో శాసనం చేసి, దానిని ఒప్పించడానికై ఐరోపా రాజులందరినీ బ్రతిమాలినాడు. 1740లో అతడు మరణించగానే ప్రష్యా రాజు ఫ్రెడెరిక్ సైలీషియాను ఆక్రమించినాడు. కూతురు మరియా తెరీసా ఎనిమిదేండ్లు పోరాడి, సైలీషియా పోయినా, మిగిలినదానిని నిలుపుకొన్నది. ఆమె భర్త లోరేన్ ప్రభువు, దూరపు బంధువే కాని ఆ రెండు ఇండ్లవాడు కాడు. వారికి పదునారుగురు బిడ్డలు. ఆ సంతతియే 1918 నవంబరులో సామ్రాజ్యం కూలిపోయేవరకు ఏలినది.

వియన్నాలో కపుచిన్ సన్న్యాసుల దేవాలయం క్రింది భూగృహంలో నూటికి పైగా హాబ్స్‌బర్గుల శవపేటికలున్నవి. కడపటి చక్రవర్తి కుమారుడు ఒట్టోను 2011లో అక్కడనే ఖననం చేసినారు. మార్గరీటా పేటికయు అక్కడనే ఉన్నది. పెండ్లికి ముందు, పిల్ల ఎట్లా ఎదుగుతున్నదో మేనమామ చూచుకొనేటందుకు మాడ్రిడునుండి పంపిన ఆమె చిత్రాలు ఆ నగరపు ప్రదర్శనశాలలో ఉన్నవి. ఎనిమిదేండ్ల వయసున నీలిరంగు పట్టు గౌనులో ఉన్న చిత్రం వానిలో ఒకటి.