దేహమును అతుకు బంకలు – వాని పరీక్ష



విఱిగిన పీటకు కాలు అతికించుట వడ్రంగికి కష్టము కాదు. కొయ్య కదలదు, తడిగా నుండదు. చీలిన కాలేయమును అతుకుట వేఱు మాట. ఆ చోటు నెత్తుట తడిసి, ఊపిరితో నిరంతరము కదలుచుండును. సూదితో కుట్టబోయినచో దారము మాగిన పండును కోసినట్లు దానిని కోసికొని పోవును. ఈ చిక్కు క్రొత్తది కాదు. తెగిన ప్రేగు అంచులను నల్లచీమలు కఱచునట్లు చేసి, తలలను మాత్రముంచి మొండెములను త్రుంచివేయవలెనని సుశ్రుతుడు విధించెను.

1942లో అమెరికాలో హ్యారీ కూవర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తుపాకి గురిచూచు సాధనముల కొఱకు స్వచ్ఛమైన ప్లాస్టిక్కును వెదకుచుండగా, తాకిన దానికెల్ల అంటుకొను పదార్థమొకటి బయటపడెను. అదియే సయనోఆక్రిలేటు. ఆ జాతి బంకలలో నొకదానిని చర్మపు గాయములు మూయుటకు 1998లో ఆ దేశపు ప్రభుత్వము అంగీకరించెను. మన అంగళ్లలో చెప్పుల కతుకు చుక్కబంకయు ఈ జాతిదే. అయినను దానిని గాయముపై వేయరాదు. అది గట్టిపడునప్పుడు వేడి పుట్టించును, కరగునప్పుడు మాంసమునకు హాని చేయును. జాతి యొకటియైనను పరీక్షకు నిలిచినది వేఱు, నిలువనిది వేఱు.

ఆ పరీక్ష యెట్టిది? పందిచర్మము మన చర్మమును పోలియుండును గావున దాని పట్టీలు రెంటిని కొనలు ఒకదానిపై నొకటి పడునట్లు అతికి, దేహపు వేడిమిలో తడి యారకుండ నుంచి, పిమ్మట యంత్రముతో ఇరువైపుల లాగుదురు. ఇది చాలదు. తడిగుడ్డను పలకకు అంటించి క్రిందికి లాగిన రాదు; కొన పట్టి ఒలిచిన సులువుగ వచ్చును. కావున ఒలిచియు చూతురు. మూడవది సైకిలు దుకాణములో గొట్టమును పరీక్షించుట వంటిది. పొరకు రంధ్రము చేసి, బంకతో మూసి, అడుగునుండి నీటిని త్రోయుదురు. గుండె ముడుచుకొనినపుడు ఆరోగ్యవంతుని ధమనిలో ఒత్తిడి సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసము; ధమనికి పూయు బంక అంతకు మించి ఓర్వవలెను.

ఎంత బలమునకు తెగెననుట సగము మాటయే. ఎచట తెగెనో చూడవలెను. బంక మాంసమునుండి ఊడెనా, బంకయే నడుమ చీలెనా, లేక బంక నిలిచి మాంసము చినిగెనా? కడపటిది బంకకు గెలుపని తోచును. నాకట్లు తోచదు. మాంసముకంటె బిఱుసైన బంక ఊపిరితిత్తిపై నున్నచో, ప్రతి శ్వాసకు దాని అంచున చీలిక పుట్టవచ్చును. అతుకుటతోపాటు సాగుటయు దానికి రావలెను.

2017లో హార్వర్డు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ రెండు గుణములను గుల్లలేని నత్త జిగురునందు చూచి, ఒక పొర అంటుకొనుటకు, ఒక పొర సాగుటకు ఉండునట్లు అతుకు చేసిరి. అది నెత్తుటితో తడిసిన మాంసమునకును అంటెను. పంది గుండెకు రంధ్రము చేసి, దానిని ఆ అతుకుతో మూసి, గుండెను యంత్రముతో ఉబ్బించి, పదివేల కొలది మార్లు సాగదీసిరి. అతుకు ఊడలేదు.